డ్రమ్ముల చోట రెండు టేబుళ్లు

ఆ బారులో ఏడాదికి పైగా వాయించాం. పాట అయిపోయాక చప్పట్లు కొట్టినవాళ్లని గుర్తు చేసుకోబోతే ముగ్గురో నలుగురో తేలతారు. వాళ్లలో ఒకాయన వెయిటర్‌ని పిలవడానికి కొట్టాడని ఆ వెంటనే తెలిసింది.

ఎవరి మీదా ఫిర్యాదుగా ఇది రాయడం లేదు అని మొదలుపెడదామనుకున్నాను. అది అబద్ధం. ఆ మేనేజరు మీద, అక్కడ కూర్చుని తాగినవాళ్ల మీద నాకు కోపం ఇప్పటికీ ఉంది. కాకపోతే అందరికన్నా పాడుపని చేసింది నేను. అది దాచిపెట్టి మిగతావాళ్లని తిట్టడం కుదరదు. అందుకే ఇన్నేళ్లూ రాయలేదు.

రాష్ట్రంలో మద్యనిషేధం ఎత్తేసి అప్పటికి కొద్దికాలమే అయింది. మూతపడిన బార్లు రంగులు వేసుకుని మళ్లీ తెరుచుకుంటున్నాయి, వాటితో పాటు కొత్తవి కూడా. మాదాపూర్ రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులు. పగలంతా ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవాళ్లు. ఎర్రగుడ్డ పట్టుకుని ఒక మనిషి రోడ్డుకు అడ్డంగా నిలబడితే బస్సులు ఆగిపోయేవి. ఢామ్మని పేలాక, దుమ్ము సర్దుకున్నాక, ఆ మనిషి పక్కకు తప్పుకునేవాడు. ఆ బండల మధ్య నుంచి గుండ్రటి పెద్ద అద్దాల భవనం ఒకటి లేచింది. దాన్ని చూడటానికి కూకట్‌పల్లి నుంచి జనం పిల్లాపాపలతో స్కూటర్ల మీద వెళ్లి వచ్చేవాళ్లు. ఆ భవనానికి రెండు ఫర్లాంగుల దూరంలో, మొదటి అంతస్తులో, మా బారు. ప్లాట్ల వ్యాపారంలో బాగా సంపాదించిన ఒక రాయలసీమ ఆయన పెట్టాడు. బయట బోర్డు మీద సీసా బొమ్మ పక్కన గిటారు బొమ్మ వేయించి, ‘లైవ్ మ్యూజిక్’ అని రాయించాడు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. బీఎస్సీ అయిపోయింది. కేపీహెచ్‌బీ కాలనీలో రెండు గదుల ఇల్లు మాది. నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. చిన్నప్పుడు హార్మోనియం నేర్చుకున్నాను, కాలేజీలో కీబోర్డు మీదకు మారాను. బారులో వాయిస్తానని చెప్పిన రోజు నాన్న చాలాసేపు పేపరు దించలేదు. దించాక ఒకటే మాట అన్నాడు.

“ఎవరన్నా అడిగితే కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడని చెప్తాను. నువ్వూ అదే చెప్పు.”

అమ్మ సాయంత్రం నేను కీబోర్డు భుజాన వేసుకుని బయల్దేరేటప్పుడు వీధిలోకి తొంగి చూసి, ఎదురింటి వాళ్లు వాకిట్లో లేనప్పుడు “ఇప్పుడు వెళ్లు” అనేది.

మొదట మేం నలుగురం. గిటారు వాయించేవాడు రెండు నెలలు కూడా ఉండలేదు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తికమకపడతాయని, వాటిని బాగుచేసేవాళ్లని పిలిచి మరీ ఉద్యోగాలిస్తారని అమీర్‌పేటలో ఎవరో చెప్పారట. గిటారు అమ్మేసి కోర్సులో చేరాడు. ఆ తర్వాత ఒకసారి అదే బారుకి కొత్త స్నేహితులతో వచ్చి కూర్చున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యూపాడు. మేమూ ఊపాం. పాటేమీ అడగలేదు. అది మర్యాదే అనుకోవాలి.

మిగిలింది ముగ్గురం. పాడే ఆవిడ గుంటూరు వైపు మనిషి. ముప్పై అయిదు దాటి ఉంటాయి. శాస్త్రీయ సంగీతం నేర్చుకుంది. రేడియోలో పాడాలని ఆశ. బారులో అందరినీ ‘అండీ’ అనే పిలిచేది. నన్నూ అంతే, గిన్నెలు కడిగేవాళ్లనీ అంతే. ఆ ‘అండీ’కి ఇవతల ఎవరూ అడుగు పెట్టకూడదు. రోజూ భర్త స్కూటర్ మీద తీసుకొచ్చేవాడు. పైకి వచ్చేవాడు కాదు, అలాగని ఇంటికీ వెళ్లేవాడు కాదు. పాటలు అయ్యేదాకా కిందే, వీధి దీపం కింద స్కూటర్ స్టాండు వేసి, దాని మీదే కూర్చుని పేపరు చదువుకునేవాడు. అంతసేపు చదవడానికి పేపర్లో ఏముంటుందా అని నాకు అనుమానంగా ఉండేది.

ఇక డ్రమ్ములు వాయించే అన్న. ఆయన గురించే ఇదంతా.

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వెనక సందులో ఉండేవాడు. వయసు నలభై అయిదు పైనే. పగలు బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. షిఫ్టు అయిపోగానే ఇంటికి వెళ్లి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్రమ్ములన్నీ ఆటోలో సర్దుకుని వచ్చేవాడు. పెళ్లిళ్లలో, గణపతి పందిళ్లలో, రికార్డింగ్ డాన్సుల్లో పాతికేళ్లు వాయించిన చెయ్యి. ఒక్క చుక్క తాగేవాడు కాదు. “ఇంత పెద్ద బార్ల తాగనోడు ఎవడన్న ఉన్నడంటే నేనొక్కన్నే తమ్మీ” అని నవ్వేవాడు.

నాకు వాయించడం వచ్చని నేను అనుకునేవాణ్ణి. అది రాదని కూడా చెప్పకుండా, నేర్పింది ఆయనే. మొదటి వారం నేను ప్రతి పాటలో, ప్రతి సందులో, వేళ్లు ఎన్ని ఉంటే అన్నీ వాడేవాణ్ణి. ఒకరోజు సామాన్లు సర్దుతూ అన్నాడు.

“ఆమె పాడుతున్నప్పుడు నువ్వు జర సప్పుడు చేయకు. ఊరికె కూసో. నేనున్నగద.”

మర్నాడు అలాగే చేశాను. పాట ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నట్టయింది. ఆవిడ పాడుతూ పాడుతూ నా వైపు తిరిగి చూసింది. బారులో ఇంకెవరికీ తేడా తెలియలేదు.

బారులో వాయించడం అంటే ఏమిటో తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. కస్టమర్లు వచ్చే మెట్ల మీద నుంచి మేం ఎక్కకూడదు. స్పీకర్లు, డ్రమ్ములు, స్టాండ్లు అన్నీ వంటింటి వెనక ఇనప మెట్ల మీదుగా మోసుకెళ్లాలి. ఆ మెట్లు ఎప్పుడూ నూనె జిడ్డుతో ఉండేవి. స్టేజీ అంటే జానెడు ఎత్తు చెక్క బల్ల. మా ఎదురుగా ఉన్న టేబుల్ వాళ్లు మాకు వీపులు పెట్టి కూర్చునేవాళ్లు. చేతులు తుడుచుకునే కాగితాల మీద పాట పేరు రాసి పంపేవాళ్లు. వాటి మీద మసాలా అంటుకుని సగం అక్షరాలు కనిపించేవి కావు. వాయించిన పాటనే అరగంటలో మళ్లీ అడిగేవాళ్లు, ఇప్పుడే వాయించామని చెప్తే కోప్పడేవాళ్లు. ఆఫీసు వాళ్లు గుంపుగా వస్తే ఎవరో ఒకడు మైకు కావాలనేవాడు. వాడు ఒక శ్రుతిలో మొదలుపెట్టి ఇంకో శ్రుతిలోకి జారిపోతుంటే వాడి వెంట పరిగెత్తాలి. అయ్యాక వాడికి చప్పట్లు. ఆ చప్పట్లు మాత్రం హాలంతా వినిపించేవి.

ఏడాది గడిచాక ఒక శుక్రవారం జరిగింది అసలు సంగతి. ఒకడు తాగి స్టేజీ ఎక్కాడు. మెడలో ఆఫీసు కార్డు పట్టీ వేలాడుతోంది. పాట అడగడానికి వచ్చాడనుకున్నాం. ఆవిడ పక్కనే నిలబడి, మైకులోకి తనూ వంగి, భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ పాట ఆపలేదు. ఒక అడుగు జరిగింది. వాడూ జరిగాడు. నేను తలొంచుకుని వాయిస్తూనే ఉన్నాను. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు అని చెప్పుకుంటూ వచ్చాను చాలా ఏళ్లు. తెలియక కాదు, భయం.

అప్పుడు అన్న తాళం తప్పించాడు. పాట మధ్యలో, అక్కర్లేని చోట, వాడి చెవి పక్కనే ఉన్న పళ్లెంలాంటి పెద్ద ఇత్తడి సింబల్‌ని కర్రతో బలమంతా పెట్టి కొట్టాడు. హాలు ఉలిక్కిపడింది. వాడు బెదిరి వెనక్కి అడుగేసి స్టేజీ దిగబోయి తూలి, ఎవరి ఒడిలోనో పడ్డాడు. జనం నవ్వారు. అన్న మళ్లీ ఏమీ జరగనట్టు తాళం అందుకున్నాడు. ఆవిడ పల్లవి ఎక్కడ వదిలిందో అక్కడే పట్టుకుంది.

పాటలన్నీ అయ్యాక మేనేజరు వచ్చాడు. కడప వైపు మనిషి, యజమానికి దూరపు చుట్టం. ఎప్పుడూ తెల్ల చొక్కా.

“కస్టమర్‌ని బెదిరిస్తావా? ఆయప్ప ఎవరో తెల్సునా నీకు?” అన్నాడు అన్నతో.

“ఎవరైతేంది సార్. ఆడిమనిషి మీద చెయ్యేస్తుంటే సూస్కుంట కూసోవాల్నా?”

“చూసుకునేకి మేం ఉండాం. నువ్వు వాయించేకి వచ్చినావు, వాయించుకో.”

అన్న డ్రమ్ములకు గుడ్డలు కప్పుకుంటూ ఉండిపోయాడు. ఆవిడ కిందకి వెళ్లేముందు ఆయన దగ్గరకు వచ్చి “వస్తానండీ అన్నయ్యగారూ” అంది. ‘అన్నయ్యగారు’ అనడం అదే మొదటిసారి. నాకు మామూలుగానే “వస్తానండీ” అంది.

పది రోజుల తర్వాత మేనేజరు నన్ను ఒక్కణ్ణే తన గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. ఆ కుర్చీ చూపించగానే నాకు అర్థమై ఉండాలి.

“ఏమప్పా, ఆ డ్రమ్ములు శానా గోలగా ఉండాయి. ఆఫీసుల వాళ్లు మాట్లాడుకునేకి వస్తారు. వాళ్లకు సన్నగా, వెనకాల, పాట వినిపిస్తే చాలు. పైగా ఆ సామాను పెట్టిన చోట రెండు టేబుళ్లు పడతాయి. నీ పెట్టెలో తాళం కూడా వస్తాదంట గదా?”

“నా దాంట్లో రాదండి. కొత్త వాటిలో వస్తుంది.”

“అయితే కొత్తది తెచ్చుకో. నువ్వూ ఆయమ్మా ఉంటే చాలు. లేకుంటే ముగ్గురినీ మాన్పించమంటాడు మా ఓనరన్న. నీ ఇష్టం.”

ఆ ‘నీ ఇష్టం’ అనే మాటలో నాకు ఇష్టం ఏమీ లేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే ఉంది. ముగ్గురం కలిసి మానేయవచ్చు. అన్నకి వెళ్లి చెప్పవచ్చు. కనీసం ఆలోచించుకుంటానని అనవచ్చు. నేను “సరేనండి” అన్నాను.

సికింద్రాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో కీబోర్డు దొరికింది. లోపల తాళాలు ఉన్నాయి, మనం వాయించిన తాళాన్ని ఫ్లాపీ మీద దాచుకునే వీలూ ఉంది. తెచ్చి ఇంట్లో పెట్టి ఒక్కొక్కటీ నొక్కి చూశాను. అన్నీ ఎక్కడెక్కడి దేశాల తాళాలో. మన సినిమా పాటకి ఒక్కటీ అతకలేదు. దాని మీద పాట పెడితే ఒకరి చెప్పులు ఇంకొకరు వేసుకుని నడిచినట్టు ఉంది.

ఆ సాయంత్రమే ఆ ఆలోచన వచ్చింది నాకు. వచ్చిన వెంటనే సిగ్గుపడ్డానని రాయాలని ఉంది. లేదు. తెలివైన ఆలోచన అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం కీబోర్డు మోసుకుని హఫీజ్‌పేట్ వెళ్లాను. ఇంట్లో ఒక్కణ్ణే సాధన చేసుకోవడానికి తాళాలు కావాలి, నువ్వు వాయిస్తే దీంట్లో దాచుకుంటాను అని చెప్పాను. అన్న ముఖం వెలిగిపోయింది. భార్యని కేకేసి చాయ్ పెట్టమన్నాడు. మంచం మీద దుప్పటి సర్ది, కీబోర్డు పెట్టి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

దాంట్లో ఒక్కో మెట్టు, అంటే కీ, నొక్కితే ఒక్కో డ్రమ్ము శబ్దం వస్తుంది. చేత్తో కర్రలు పట్టుకునే మనిషికి వేళ్లతో మెట్లు నొక్కడం చేతకాదు కదా. పైగా లేత్ మిషన్ మీద మొద్దుబారిన వేళ్లు. మొదట రెండు మెట్లు ఒకేసారి పడేవి. నవ్వుకునేవాడు. “ఇది బొమ్మరిల్లు లెక్కుంది తమ్మీ, నా చేతులేమో గొడ్డళ్లు” అన్నాడు. ఒక గంటలో పట్టుకున్నాడు. నాలుగు ఆదివారాలు వెళ్లాను. మేం బారులో వాయించే ప్రతి రకం పాటకీ ఒక్కో తాళం వాయించి ఇచ్చాడు. పాట మొదలయ్యే ముందు వేసే ఎత్తుగడ వేరే, చరణానికి వెళ్లేటప్పుడు వేసేది వేరే. ఇది ఎందుకు, ఇక్కడ ఎందుకు తగ్గించాలి, ఆడవాళ్లు పాడేటప్పుడు ఏది వెయ్యకూడదు, అన్నీ చెప్పాడు. ఎవరికీ ఇన్ని సంగతులు చెప్పి ఉండడు. ఎవరూ అడిగి ఉండరు.

ఒక్క చోట మాత్రం పేచీ వచ్చింది. ఆయన వాయించినది మిషను దాచుకునేటప్పుడు దెబ్బలన్నిటినీ సమానమైన దూరాల్లోకి సర్దేసేది. మళ్లీ వినిపిస్తే అన్న మొహం చిట్లించాడు.

“ఏంది ఇది, నేను కొట్టినట్టు లేదు. నేను ఎనకకు గుంజిన దెబ్బను ముంగటికి తెచ్చింది.”

“అది తప్పులు దిద్దుతుంది అన్నా.”

“గది తప్పు కాదు తమ్మీ. గదే పాట.”

ఆ దిద్దుడు ఆపే మీట కోసం వెతికాను. కొన్నిటికి ఆపగలిగాను. కొన్నిటికి చేతకాలేదు, ఓపిక లేక వదిలేశాను. చివరి ఆదివారం నేను ఫ్లాపీ తీసి జేబులో పెట్టుకుంటుంటే అన్నాడు, “ఇగ ఫికర్ లేదు. ఇంట్ల ఒక్కనివే ఉన్నా, నేను పక్కన కూసున్నట్టే.”

అన్నకి తానే చెప్తానని మేనేజరు అన్నాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇక నేను చెప్పక్కర్లేదు. చెప్పాడా లేదా అని మాత్రం అడగలేదు. అడిగితే, లేదంటే, నేను చెప్పాల్సి వస్తుంది.

కొత్త కీబోర్డుతో వాయించాల్సిన మొదటి రోజు నేను కాస్త ముందుగా వెళ్లాను. స్టేజీని సగానికి కోసేశారు. డ్రమ్ములు పెట్టే చోట రెండు టేబుళ్లు, తెల్ల గుడ్డలు, గ్లాసుల్లో మడిచి పెట్టిన కాగితాలు. ఆవిడ వచ్చి ఆ టేబుళ్లని చూసింది, నన్ను చూసింది, కొత్త కీబోర్డుని చూసింది. పాటల పుస్తకం తీసుకుని కూర్చుంది.

వంటింటి తలుపు దగ్గర చప్పుడైంది. అన్న పెద్ద డ్రమ్ముని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని, ఇనప మెట్లెక్కి, వీపుతో తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. ఇటు తిరిగి ఆగిపోయాడు.

“ఇయ్యాల పార్టీ గిట్ల ఉన్నదా?” అన్నాడు నాతో.

నేను ఏదో వైరు సరిచేస్తున్నట్టు వంగాను. కౌంటరు దగ్గర నుంచి మేనేజరే అన్నాడు.

“ఇంక డ్రమ్ములు వద్దనుకున్నాం. నీకు చెప్పలేదా మీవాడు?”

అన్న నా వైపు చూశాడు. నేను వంగే ఉన్నాను. అప్పటికే నాలుగైదు టేబుళ్లు నిండాయి. “కానీ అప్పా, మొదలుపెట్టండి” అని మేనేజరు చేత్తో సైగ చేశాడు. ఆవిడ లేచి మైకు దగ్గరకు వచ్చింది. నేను ఫ్లాపీ పెట్టి మీట నొక్కాను. ఆ మీట నొక్కింది నా వేలు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని నొక్కించలేదు.

హఫీజ్‌పేట్‌లో మంచం మీద కూర్చుని ఆయన వాయించిన తాళం ఆ హాల్లో మొదలైంది.

పాట మొత్తం విన్నాడు. వంటింటి తలుపు పక్కన, పళ్లేలు మోసేవాళ్లు తప్పుకుని తప్పుకుని పోతుంటే, డ్రమ్ము అలాగే ఎత్తి పట్టుకుని నిలబడి విన్నాడు. కింద పెట్టడానికి అక్కడ చోటు కూడా లేదు. పాట అయిపోయాక డ్రమ్ముని తలుపుకి ఆనించి స్టేజీ దగ్గరకి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండును అని కూడా అనుకున్నాను. నా చెవి దగ్గరకు వంగి, మెల్లగా, రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

“మూడో దెబ్బ జర ఎనక రావాలె తమ్మీ. గిట్ల సాపుగ వస్తే ఆమెకు పాడుడు కష్టమైతది. సరి చేస్కో.”

వెళ్లిపోయాడు. మిగతా సామాను కింద ఆటోలోనే ఉండి ఉంటుంది. నేను దిగి వెళ్లలేదు. రెండో పాట మొదలుపెట్టాం. డ్రమ్ము ఆటోలోకి ఎక్కించడానికి ఆవిడ భర్త సాయం పట్టాడట. ఆటో కదిలాక చాలాసేపు పేపరు తెరవలేదట. అది ఆవిడే చెప్పింది, తర్వాత.

మధ్యలో భోజనానికి ఆపినప్పుడు ఆవిడ పళ్లెం ముందు పెట్టుకుని తినకుండా అడిగింది.

“మీకు ముందే తెలుసాండీ?”

“తెలుసు.”

“అయితే ఆ సంగతి నాకు చెప్పకండి. నేను రేపు కూడా మీ పక్కన నిలబడి పాడాలి.”

మూడు వారాలు అలాగే పాడింది. నా వైపు తిరిగేది కాదు. పాట ఎప్పుడు అందుకోవాలో మిషను చెప్పేది, ఆవిడ అందుకునేది. ఎంత సరిగ్గా పాడేదంటే, ఆవిడ కూడా ఫ్లాపీలో ఉందేమో అన్నట్టు. మూడో దెబ్బ సరిచేద్దామని ఇంట్లో రెండు రాత్రులు కూర్చున్నాను. ఆయన ఎంత వెనక్కి లాగేవాడో ఎంత ప్రయత్నించినా పట్టుబడలేదు. ఒకసారి మరీ ఎక్కువయ్యేది, ఒకసారి చాలేది కాదు.

నాలుగో వారంలో ఇంకొకడు స్టేజీ ఎక్కాడు. వేరే మనిషి, అదే పద్ధతి. ఆవిడ ఒక అడుగు జరిగింది. నేను మేనేజరు కోసం చూశాను. ఆయన కౌంటరు దగ్గర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నా దగ్గర కొట్టడానికి ఏమీ లేదు. మీట ఆపేస్తే పాట ఆగిపోతుంది, అంతా ఇటు చూస్తారు, అది కూడా చెయ్యలేకపోయాను. వాడి చెయ్యి ఆవిడ నడుము దాకా వచ్చింది.

ఆవిడ చరణం మధ్యలో ఆపింది. మైకుని స్టాండుకి జాగ్రత్తగా తగిలించింది. పుస్తకం సంచిలో పెట్టుకుని, కస్టమర్లు వచ్చే మెట్ల మీద నుంచే, ఎవరినీ చూడకుండా దిగి వెళ్లిపోయింది. కింద స్కూటర్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. పైన తాళం ఆగకుండా మోగుతూనే ఉంది. వాడు నా వైపు తిరిగి “ఆపేశారేం బాస్?” అన్నాడు.

తర్వాత ఆవిడ రాలేదు. మేనేజరు పెద్దగా పట్టించుకోలేదు. “పాట లేకున్నా ఏం కాదప్పా. నువ్వు ఒక్కడివే సన్నగా వాయిస్తా ఉండు” అన్నాడు. నెలన్నర అలా వాయించాను. ఒక రోజు మధ్యలో చేతులు తీసేసి చూశాను. మిషను తాళం ఒక్కటే నడుస్తోంది, పాట లేదు. అయిదు నిమిషాలు పైనే అయింది. ఒక్క తల తిరగలేదు. ఆ నెలాఖరుకి మానేశాను. మాన్పించే దాకా ఉండకుండా నేనే మానేశానని కొన్నాళ్లు గొప్పగా చెప్పుకున్నాను. నేను వెళ్లాక అక్కడ పెద్ద టీవీ పెట్టారు.

కీబోర్డు వాయించినందుకు నాకు దొరికిన మంచి ఒకటుంది, అది చెవి. ఎక్కడో అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి టేపులో మాట్లాడితే, అది విని టైపు చేసే ఆఫీసులు అప్పుడు కొత్తగా వచ్చాయి. పరీక్షలో ఒక డాక్టరు ముక్కుతో, తింటూ తింటూ మాట్లాడాడు. పదిమందిలో ఎవరికీ అంతు చిక్కలేదు. నాకు ప్రతి మాటా వినిపించింది. వెంటనే తీసుకున్నారు. నాన్న వీధిలో అందరికీ చెప్పాడు. అమ్మ నన్ను పంపించేటప్పుడు వీధిలోకి తొంగి చూడటం మానేసింది. ఆఫీసు వ్యాను ఆ బారు ముందు నుంచే వెళ్లేది. నేను అవతలి వైపు సీటులో కూర్చునేవాణ్ణి.

మొదటి నెల గడిచాక ఒక ఆదివారం హఫీజ్‌పేట్ వెళ్లాను. క్షమించమని అడగాలని. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన భార్య తలుపు తీసింది. నన్ను గుర్తుపట్టి సంతోషంగా లోపలికి పిలిచి, అదే మంచం మీద కూర్చోబెట్టింది. అన్న ఓవర్‌టైముకి వెళ్లాడట, వచ్చే వేళయిందట.

“డ్రమ్ములు ఇడిసిపెట్టిండు సార్” అంది నీళ్లు ఇస్తూ. “బుజం నొస్తుందట. నేనే ఒద్దని చెప్పి బంజేసిన అన్నడు. ఆళ్లు మస్తు బతిలాడిన్రట గద, మీరు గూడ. అయిన ఇనలేదట.”

నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

“గా అటుక మీద పెట్టిండు అన్నీ. దుప్పట్లు సుట్టి. అమ్మనంటే అమ్మనియ్యడు, వాయించుమంటే వాయించడు. ఇంట్ల మాట్లాడుడే తక్కువైంది. మీరంటే పానం ఆయనకు. మీరు జర చెప్పుండ్రి సార్, మల్ల పొమ్మని.”

“చెప్తానమ్మా” అన్నాను. ఇంకా కూర్చోలేక, పని ఉందని లేచి వచ్చేశాను.

సందు మలుపులో ఎదురయ్యాడు. సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు. హ్యాండిల్‌కి కూరగాయల సంచి. చొక్కా మీద గ్రీజు మరకలు. నన్ను చూసి ఆగాడు. 

“నౌకరీ దొరికిందట గద” అన్నాడు. ఎవరో చెప్పి ఉంటారు. “ఏం పని?”

“డాక్టర్లు మాట్లాడింది విని టైపు చెయ్యడం అన్నా.”

“కూసోని చేసుడేనా?”

“కూర్చునే.”

“మంచిగున్నది.” కాసేపు సైకిల్ సీటు మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. “ఇంటికి పోయిన్రా?”

“వెళ్లాను. నువ్వు లేవని...” అని ఆగి, “అన్నా, ఆ రోజు నేను...” అన్నాను.

చెయ్యెత్తి ఆపాడు. కోపంగా కాదు. రోడ్డు మీద వెనక వచ్చే బండిని ఆపినట్టు, అంతే.

“ఇంట్ల ఆమెకు ఏమన్న చెప్పిన్రా?”

“లేదు.”

“చెప్పకుండ్రి సార్” అన్నాడు.

నేను తల ఊపాను. ఆయన సైకిల్ తోసుకుంటూ ఇంటి వైపు వెళ్లాడు. నేను స్టేషన్ దాకా నడిచి, బస్సు దొరికితే ఎక్కి, కూకట్‌పల్లిలో దిగాను. ఇంటికి వెళ్లేసరికి నాన్న ఎవరితోనో నా ఉద్యోగం గురించి చెప్తున్నాడు.